కొత్తగా పెట్టిన చిన్న వ్యాపారానికి ఫ్రీ ఆఫీస్ సాఫ్ట్‌వేర్ ఏది మంచిది?

ఓరుగల్లు_నీళ్లు · సోమవారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. హనుమకొండలో నేనూ మా బావమరిదీ కలిసి ఆర్వో వాటర్ ప్యూరిఫయర్ల వ్యాపారం మొదలుపెట్టాం. అమ్మకం, సర్వీసు, ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ ఒప్పందం) మూడూ ఉన్నాయి. పార్ట్‌నర్‌షిప్ ఫర్మ్. ఇద్దరు టెక్నీషియన్లు, ఫోన్లు ఎత్తడానికీ బిల్లులు కొట్టడానికీ ఒక అమ్మాయి. మూడు లాప్‌టాప్‌లు, మూడూ సెకండ్ హ్యాండే. ఐ5 ఆరో జనరేషన్, విండోస్ 10.

లాప్‌టాప్‌లు అమ్మినాయన ఆఫీస్ కూడా వేసే ఇచ్చాడు. ఇప్పుడు తెరిచినప్పుడల్లా లైసెన్స్ లేదని పైన పట్టీ వస్తోంది. మూడు వందలిస్తే యాక్టివేట్ చేస్తాడట, చేయించేద్దాం అంటాడు మా బావమరిది. నాకు మనసొప్పడం లేదు. అలాగని నెలనెలా మనిషికింత అని కట్టే పరిస్థితి కూడా ఇప్పుడు లేదు.

మా పని ఇది: కొటేషన్లు, అపార్ట్‌మెంట్ అసోసియేషన్లకు తెలుగులో లెటర్లు, ఎవరి ఏఎంసీ ఎప్పుడు అయిపోతుందో లిస్టు, బిల్లులు, వీలైతే ఫర్మ్ పేరుతో మెయిల్ ఐడీ. ఫ్రీగా, న్యాయంగా ఏం వాడొచ్చో చెప్పండి.

తెనాలి_ట్రేడర్ · సోమవారం రాత్రి 9:31

డబ్ల్యూపీఎస్ ఆఫీస్ వేసుకో బ్రో. చూడ్డానికి ఎక్సెల్ లాగే ఉంటుంది, కొత్తగా నేర్చుకునేదేం లేదు. మా గోడౌన్‌లో అదే వాడతాం. అప్పుడప్పుడు యాడ్స్ వస్తాయి, అంతే.

పాత_మౌస్ · సోమవారం రాత్రి 10:05

ముందు ఆ మూడు వందల సంగతి. కాపీరైట్ చట్టం 1957 లో 63బీ అని ఒక సెక్షన్ ఉంది. దొంగ కాపీ అని తెలిసీ కంప్యూటర్ ప్రోగ్రామ్ వాడితే ఏడు రోజుల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి రెండు లక్షల దాకా జరిమానా. హనుమకొండలో చిన్న షాపు మీదికి ఎవరొస్తారులే అనుకోవచ్చు. నా భయం పోలీసుల గురించి కాదు. ఆ యాక్టివేటర్ నడవాలంటే ముందు యాంటీవైరస్ ఆపమంటారు. అదే లాప్‌టాప్‌లో మీ బ్యాంకు లాగిన్, జీఎస్టీ లాగిన్ ఉంటాయి. మీ బావమరిదికి ఆ ముక్క చెప్పండి, చాలు.

డబ్ల్యూపీఎస్ ఫ్రీ వెర్షన్ వ్యక్తిగత వాడకానికి ఇచ్చేది. వ్యాపారానికి వేరే ప్లాన్ కొనాలి. మైక్రోసాఫ్ట్‌లోనూ ఇదే మెలిక ఉంది. ఇంటి వాడకం పేరుతో తక్కువకు దొరికే ఎడిషన్లను వ్యాపారానికి వాడకూడదు. బ్రౌజర్‌లో ఫ్రీగా వచ్చే వర్డ్, ఎక్సెల్ కూడా పర్సనల్ అకౌంట్ వాళ్ల కోసమే, దాంతో వచ్చే వన్‌డ్రైవ్ 5 జీబీ. చాలామంది ఫ్రీ అన్న మాట చూసి ఆగిపోతారు. ఎవరికి ఫ్రీ అన్నది కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది.

ఏది వేసుకోవాలో చెప్పే ముందు నాకొకటి తెలియాలి. మీ ఫైళ్లు మీ దగ్గరే పుట్టి పీడీఎఫ్‌గా బయటికి వెళ్తాయా? లేక బయటివాళ్లు ఎక్సెల్ ఫైలు పంపితే మీరు నింపి తిరిగి పంపాలా? మొదటిదైతే లిబ్రెఆఫీస్ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్‌తో హాయిగా గడిచిపోతుంది. రెండోదైతే ఎవరు పంపుతారు, అందులో మాక్రోలు (ఫైలు లోపల నడిచే చిన్న ప్రోగ్రాములు) ఉంటాయా అన్నది చూసుకోవాలి.

ఓరుగల్లు_నీళ్లు · సోమవారం రాత్రి 10:20

దాదాపు అన్నీ మా దగ్గర పుట్టేవే అన్నా. కొటేషన్ వాట్సాప్‌లో పీడీఎఫ్ పంపుతాం. రెండు కాలేజీ హాస్టళ్ల వాళ్లు మాత్రం వాళ్ల ఎక్సెల్ ఫార్మాట్‌లో రేట్లు అడుగుతారు. మాక్రోలా అంటే తెలియదు, మామూలు టేబుల్ లాగే ఉంది.

మింట్_మామ · సోమవారం రాత్రి 11:48

అయితే ఇంకేం, లిబ్రెఆఫీస్. వ్యాపారానికైనా, ఎన్ని కంప్యూటర్లలోనైనా ఫ్రీ. రిజిస్ట్రేషన్, యాడ్స్, ట్రయల్ గడువు ఏవీ లేవు. రైటర్, కాల్క్, ఇంప్రెస్ అని మూడు ముఖ్యమైనవి. డ్రా అని ఇంకొకటి ఉంది, పీడీఎఫ్ తెరిచి చిన్న చిన్న దిద్దుబాట్లు చేసుకోవచ్చు.

గూగుల్‌లో వెతికితే ఓపెన్ఆఫీస్ అని కూడా కనిపిస్తుంది. అది వద్దు. రెండింటి తల్లి ఒకటే. 2010 లో సన్ కంపెనీ ఒరాకిల్ చేతికి వెళ్లాక, రాసేవాళ్లలో చాలామంది బయటికొచ్చి డాక్యుమెంట్ ఫౌండేషన్ పెట్టుకుని లిబ్రెఆఫీస్ తెచ్చారు. పాత పేరు మరుసటి ఏడాది అపాచీకి వెళ్లింది. అపాచీ ఓపెన్ఆఫీస్ 2014 లో 4.1 దగ్గరికొచ్చి, అప్పటి నుంచి చిన్న చిన్న మరమ్మతులతోనే నడుస్తోంది. పేరు మాత్రం ఇప్పటికీ ఎక్కువమందికి గుర్తు.

ఇంకో మాట. విండోస్ 10 కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబర్ 14 తో ఆగిపోయింది. ఆరో జనరేషన్ మీద విండోస్ 11 అధికారికంగా ఎక్కదు, ఇంటెల్‌లో ఎనిమిది నుంచే. ఆ లాప్‌టాప్‌లకు విండోస్ బదులు లినక్స్ మింట్ వేసెయ్యండి, అదీ ఫ్రీయే. లిబ్రెఆఫీస్ అందులో ముందే ఉంటుంది.

తెనాలి_ట్రేడర్ · మంగళవారం ఉదయం 7:40

మామా, నిన్ను ఏ ప్రశ్న అడిగినా జవాబు లినక్సే 😄 ఆ అమ్మాయికి ప్రింటర్ పనిచేయకపోతే నువ్వొస్తావా హనుమకొండ? లిబ్రెఆఫీస్ మేమూ చూశాం. వర్డ్ ఫైలు తెరిస్తే ఒక పేజీ లెటర్ ఒకటిన్నర పేజీ అయింది, సంతకం కిందికి జారిపోయింది. పార్టీల దగ్గర పరువు పోతుంది.

పాత_మౌస్ · మంగళవారం ఉదయం 9:15

> ఒక పేజీ లెటర్ ఒకటిన్నర పేజీ అయింది

ఇది ఎక్కువసార్లు ఫాంట్ వల్ల వచ్చే తిప్పలు. కాలిబ్రీ, కేంబ్రియా మైక్రోసాఫ్ట్ ఫాంట్లు. అవి లేని చోట లిబ్రెఆఫీస్ వాటి బదులు కార్లిటో, కాలడియా పెట్టుకుంటుంది. అక్షరాల వెడల్పు సరిగ్గా అంతే ఉండేలా చేసినవి కాబట్టి లైన్లు జరగవు. ఏరియల్, టైమ్స్ న్యూ రోమన్‌లకు లిబరేషన్ ఫాంట్లు అలాంటివే. కొత్త వర్డ్‌లో డిఫాల్ట్ ఆప్టోస్ అయింది, దానికి అలాంటి జోడీ లేదు. అందుకని ఈమధ్య వచ్చే ఫైళ్లలో లైన్లు జారుతున్నాయి. మీ సొంత లెటర్‌హెడ్ లిబరేషన్‌లోనో కార్లిటోలోనో చేసుకుని, బయటికి పీడీఎఫే పంపండి. కొటేషన్ ఎలాగూ పీడీఎఫ్‌గానే పోవాలి, అవతలివాళ్లు రేటు మార్చి తిరిగి పంపకుండా.

ఇంకో రెండు సెట్టింగులు. వ్యూ మెనూలో యూజర్ ఇంటర్‌ఫేస్ నొక్కి ట్యాబ్డ్ ఎంచుకుంటే పైన రిబ్బన్ వస్తుంది, వర్డ్ అలవాటైన వాళ్లు తికమకపడరు. టూల్స్, ఆప్షన్స్, లోడ్/సేవ్, జనరల్ లోకి వెళ్లి ఎప్పుడూ వర్డ్, ఎక్సెల్ ఫార్మాట్‌లోనే సేవ్ అయ్యేలా పెట్టేయండి. లేకపోతే మీ అమ్మాయి లిబ్రెఆఫీస్ సొంత ఫార్మాట్ ఓడీటీలో ఫైలు పంపుతుంది, అవతలి ఆయన ఫోన్‌లో తెరుచుకోక మీకు ఫోన్ చేస్తాడు.

హాస్టళ్ల ఎక్సెల్ కోసం ఓన్లీఆఫీస్ డెస్క్‌టాప్ ఎడిటర్స్ కూడా వేసి ఉంచండి. అదీ ఓపెన్ సోర్సే, ఫ్రీ. మొదటి నుంచీ మైక్రోసాఫ్ట్ ఫార్మాట్లనే నమ్ముకుని కట్టింది కాబట్టి వాళ్ల టేబుళ్లు, గీతలు తక్కువ చెదురుతాయి. ఒకే కంప్యూటర్‌లో రెండూ ఉంచుకోవచ్చు, గొడవపడవు.

మింట్ విషయంలో మామ చెప్పింది సగం ఒప్పుకుంటా. సగం ఎందుకో లక్ష్మిగారు చెప్తారు, ఆవిడ వస్తే.

లెడ్జర్_లక్ష్మి · మంగళవారం మధ్యాహ్నం 1:22

వచ్చాను. మీరంతా వర్డు, ఎక్సెలు గురించి మాట్లాడుతున్నారు, ఆయన బిల్లులని రాసిన మాట ఎవరూ పట్టించుకోలేదు.

నీళ్లుగారూ, దయచేసి బిల్లులు ఎక్సెల్‌లో గానీ కాల్క్‌లో గానీ చేయకండి. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే ఇన్‌వాయిస్ నంబరు వరుసగా ఉండాలి, 16 అక్షరాలు దాటకూడదు, ఆ ఆర్థిక సంవత్సరంలో రెండోసారి రాకూడదు. ఎక్సెల్‌లో జరిగేదేంటంటే, నిన్నటి బిల్లు తెరిచి పేరు మార్చి సేవ్ చేస్తారు, నంబరు మార్చడం మరిచిపోతారు. ఒక్కోసారి పాత బిల్లు మీదే సేవ్ చేసేస్తారు. ఆర్నెల్ల తర్వాత ఒకే నంబరుతో మూడు బిల్లులు మా టేబుల్ మీదికి వస్తాయి. ఆఫీస్ సాఫ్ట్‌వేర్ వేరు, లెక్కల సాఫ్ట్‌వేర్ వేరు. రెండోది ముందు తేల్చుకోండి.

ఫ్రీవి ఉన్నాయి. జోహో బుక్స్‌కి మన దేశంలో ఏడాదికి 25 లక్షల లోపు టర్నోవర్ వాళ్లకు ఫ్రీ ప్లాన్ ఉంది. ఒట్టి బిల్లింగ్ చాలంటే జోహో ఇన్‌వాయిస్ పూర్తిగా ఫ్రీ. ఇలాంటి పరిమితులు కంపెనీ ఎప్పుడైనా మార్చుకోవచ్చు, కాబట్టి సైన్ అప్ రోజున ప్లాన్ పేజీ చదవండి. జీఎస్టీ పోర్టల్‌లోనే డౌన్‌లోడ్స్ కింద అకౌంటింగ్ అండ్ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అని ఒక లింకు ఉంటుంది. కోటిన్నర లోపు టర్నోవర్ వాళ్లకు కొన్ని కంపెనీలవి ఫ్రీగా ఇప్పించే ఏర్పాటు అది, 2019 లో మొదలైంది. సగం మందికి అది అక్కడ ఉందనే తెలియదు. నెట్ లేకుండా నడవాలి, డేటా మన కంప్యూటర్‌లోనే ఉండాలి అంటే ఫ్రాపే బుక్స్ చూడండి. ముంబై వాళ్లది, ఓపెన్ సోర్స్.

ట్యాలీ ఎడ్యుకేషన్ మోడ్‌లో నడిపేస్తాం అని ఎవరైనా సలహా ఇస్తారు చూడండి, వినకండి. అందులో నెలకు 1, 2, 31 తేదీలతోనే ఎంట్రీలు పడతాయి. కొంతమంది నెల బిల్లులన్నీ ఒకటో తేదీకి వేస్తారు! నేర్చుకోవడానికి ఇచ్చింది అది. సింగిల్ యూజర్ లైసెన్స్ 22,500, పైన 18 శాతం జీఎస్టీ. వ్యాపారం పెరిగాక కొనుక్కోవచ్చు.

మింట్ గురించి: కనీసం ఒక లాప్‌టాప్ విండోస్‌తోనే ఉంచండి. ట్యాలీ కొంటే లినక్స్‌లో నేరుగా నడవదు. రేపు ప్రైవేట్ లిమిటెడ్ చేస్తే జీఎస్టీ రిటర్న్‌కి డిజిటల్ సిగ్నేచర్ తప్పనిసరి, ఆ యూఎస్‌బీ టోకెన్‌తో కుస్తీ విండోస్ మీదే కాస్త తక్కువ. పార్ట్‌నర్‌షిప్‌గా ఉన్నంతకాలం ఓటీపీతో పని జరిగిపోతుంది.

ఓరుగల్లు_నీళ్లు · మంగళవారం మధ్యాహ్నం 2:10

లక్ష్మిగారూ, చాలా థాంక్స్. ఇంకా జీఎస్టీ తీసుకోలేదండీ. 40 లక్షల దాకా అక్కర్లేదని ఎవరో చెప్పారు. నిజమేనా?

లెడ్జర్_లక్ష్మి · మంగళవారం మధ్యాహ్నం 2:34

ఆ ఎవరో ఆంధ్రా ఆయన అయ్యుంటారు. సరుకు మాత్రమే అమ్మేవాళ్లకు ఆంధ్రప్రదేశ్‌లో 40 లక్షలు. 2019 లో ఆ పెంపు వచ్చినప్పుడు తెలంగాణ తీసుకోలేదు, ఇక్కడ 20 లక్షలే. పైగా మీకు సర్వీసు కూడా ఉంది. సర్వీసు కలిస్తే అక్కడైనా 20 లక్షలే. ఏఎంసీలు, మెషీన్లు కలిపి లెక్క వేసుకోండి, మీరనుకున్నదానికంటే ముందే దాటుతారు. వేరే రాష్ట్రానికి సరుకు అమ్మితే మాత్రం ఈ పరిమితితో పనిలేదు, మొదటి బిల్లు నుంచే రిజిస్ట్రేషన్ కావాలి.

ఇప్పటి నుంచే సాఫ్ట్‌వేర్‌లో ప్యూరిఫయర్లకు హెచ్ఎస్ఎన్ (జీఎస్టీలో వాడే కోడ్) 8421, సర్వీసుకు 9987 అని పెట్టుకుంటే తర్వాత మళ్లీ అన్నీ దిద్దుకునే పని తప్పుతుంది. రేటు మీ సీఏని అడిగి వేయండి.

టెండర్_బాబాయ్ · మంగళవారం సాయంత్రం 6:50

నేను ఎలక్ట్రికల్ పనులు చేస్తా, మాది ఖమ్మం. ఒక హెచ్చరిక చెప్పి పోతా.

ఆర్వో అంటున్నావు కాబట్టి ఏదో ఒకరోజు కేంద్ర సంస్థల టెండర్లు వేస్తావు. కేంద్ర ప్రభుత్వ ఈ-ప్రొక్యూర్‌మెంట్ (ఆన్‌లైన్ టెండర్ల) పోర్టల్ ఎన్ఐసీ అనే ప్రభుత్వ ఐటీ సంస్థది. అందులో రేట్లు నింపడానికి బీఓక్యూ అని ఒక ఎక్సెల్ ఫైలు ఇస్తారు. చూడ్డానికి టేబుల్ లాగే ఉంటుంది, లోపలంతా మాక్రోలే. షీట్‌కి తాళం వేసి ఉంటుంది. మనం పసుపో నీలమో గళ్లలో రేటు వేస్తే మొత్తం, అక్షరాల్లో మొత్తం అవే వస్తాయి. దాన్ని లిబ్రెఆఫీస్‌లో తెరిచి సేవ్ చేస్తే పైకి అన్నీ బాగానే కనిపిస్తాయి. అప్‌లోడ్ దగ్గర ఫైలు తీసుకోదు. అప్పటికి టైమ్ సాయంత్రం అయిదుంపావు, గడువు ఆరింటికి. ఆ టెన్షన్ పగవాడికి కూడా వద్దు.

ఫైలు పేరు కూడా మార్చకూడదు, వాళ్లిచ్చిన పేరే ఉండాలి.

కాబట్టి మూడింటికీ ఆఫీస్ కొనకు. టెండర్లు వేయడం మొదలుపెట్టే రోజున ఒక్క మెషీన్‌కి, వ్యాపార వాడకానికి అనుమతి ఉన్న హోమ్ అండ్ బిజినెస్ ఎడిషన్ ఒకేసారి డబ్బు కట్టి కొనుక్కో. నెల చందా ఉండదు. మా ఆఫీసులో అదే పద్ధతి: ఒక కంప్యూటర్‌లో అసలు ఎక్సెల్, మిగతా వాటిలో లిబ్రెఆఫీస్.

లెడ్జర్_లక్ష్మి · మంగళవారం సాయంత్రం 7:15

బాబాయ్ చెప్పింది నూటికి నూరుపాళ్లు. జీఎస్టీఆర్-4, జీఎస్టీఆర్-9 అనే జీఎస్టీ రిటర్న్‌ల ఆఫ్‌లైన్ టూల్స్ కూడా మాక్రోలున్న ఎక్సెల్ ఫైళ్లే. అయితే అవి మీ సీఏ దగ్గర తెరుచుకుంటే చాలు, మీ దగ్గర అక్కర్లేదు.

మింట్_మామ · మంగళవారం రాత్రి 8:02

ప్రభుత్వం జనాన్ని ఒక కంపెనీ సాఫ్ట్‌వేర్ కొనుక్కోమనడం ఏం న్యాయం? లిబ్రెఆఫీస్ వాడే ఓడీఎఫ్ ఫార్మాట్ 2006 నుంచి ఐఎస్ఓ ప్రమాణం. ఓపెన్ ఫార్మాట్ ఉండగా మాక్రోలున్న పాత ఎక్సెల్ ఫైలేంటి?

టెండర్_బాబాయ్ · మంగళవారం రాత్రి 8:09

న్యాయం గురించి వేరే థ్రెడ్ తెరువు మామా, వచ్చి చప్పట్లు కొడతా. ఇక్కడ పిల్లాడు వ్యాపారం చేసుకోవాలి.

అక్షరం_డీటీపీ · మంగళవారం రాత్రి 9:27

తెలుగు లెటర్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. 20 ఏళ్లుగా డీటీపీ చేస్తున్నా, నాకు తెలిసింది చెప్తా.

లిబ్రెఆఫీస్‌లో తెలుగు టైప్ చేసి పైన ఫాంట్ మార్చితే కొన్నిసార్లు ఏమీ మారదు. పాడైందనుకుంటారు. అందులో ఇంగ్లిష్‌కి ఒక ఫాంట్, మన భాషలకు ఇంకో ఫాంట్ వేర్వేరుగా గుర్తుపెట్టుకుంటుంది. టూల్స్, ఆప్షన్స్‌లో భాషల సెట్టింగుల దగ్గర కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ అన్నదానికి టిక్ పెట్టి, పక్కన తెలుగు ఎంచుకోండి. ఆ తర్వాత ఫార్మాట్ మెనూలో క్యారెక్టర్ తెరిస్తే రెండు ఫాంట్లూ విడివిడిగా కనిపిస్తాయి. అక్షరం సైజు కూడా అక్కడే విడిగా పెట్టాలి. ఇంగ్లిష్ 12, తెలుగు 13 పెడితే కంటికి సమంగా ఉంటాయి.

ఫాంట్లు: విండోస్‌లో నిర్మల ఉంటుంది. గూగుల్ ఫాంట్స్‌లో మండలి, ఎన్టీఆర్, రామభద్ర, సురన్న, గిడుగు ఇంకా చాలా ఉన్నాయి. వ్యాపారానికి కూడా ఫ్రీ. ఉత్తరాలకు మండలి బాగుంటుంది, పాంప్లెట్ హెడ్డింగుకు రామభద్ర. మూడు మెషీన్లలోనూ ఒకే ఫాంట్లు వేయండి. పీడీఎఫ్ చేస్తే ఫాంట్ లోపలే కూర్చుంటుంది కాబట్టి అవతలివాళ్లకు ఇబ్బంది రాదు.

ప్రింటింగ్ ప్రెస్ వాళ్లు మీకు లెటర్‌హెడ్ మ్యాటర్ ఇస్తే అది అనూ ఫాంట్లలో ఉండొచ్చు. దాన్ని కాపీ చేసి రైటర్‌లో వేస్తే అక్షరాలకు బదులు పిచ్చి గుర్తులు వస్తాయి. అది యూనికోడ్ కాదు. యూనికోడ్‌లో ఇవ్వమని అడగండి, లేదంటే మళ్లీ టైప్ చేయించండి. అసోసియేషన్ లెటరు ఎంత, ఒక పేజీ.

ఓన్లీఆఫీస్ పాత వెర్షన్లలో తెలుగు ఒత్తులు సరిగ్గా కూర్చునేవి కావు. ఇప్పుడు నయం. అయినా తెలుగు పని లిబ్రెఆఫీస్‌లోనే చేయమంటా. తెలుగు స్పెల్ చెక్ మీద ఎందులోనూ ఆశ పెట్టుకోకండి, పంపేముందు ఇంకొకరితో చదివించండి.

కూకట్‌పల్లి_క్లౌడ్ · బుధవారం ఉదయం 8:18

ఇంతమందిలో గూగుల్ షీట్స్ పేరు ఎవరూ ఎత్తలేదంటే ఆశ్చర్యంగా ఉంది. మీ టెక్నీషియన్లు బయట తిరుగుతారు కదా. ఏఎంసీ లిస్టు షాపులో లాప్‌టాప్‌లో ఉంటే వాళ్లకేం ఉపయోగం? షీట్స్‌లో పెడితే ఫోన్‌లోనే చూసుకుని, ఫిల్టర్ మార్చిన తేదీ అక్కడే ఎక్కిస్తారు. ఆ అమ్మాయి ఇక్కడ అదే క్షణంలో చూస్తుంది. ఒక్కో అకౌంటుకి 15 జీబీ ఫ్రీ. లిస్టులకు ఎన్నేళ్లయినా నిండదు, కానీ జీమెయిల్, ఫోటోలు కూడా అందులోనే తింటాయని గుర్తుంచుకోండి.

ఏఎంసీ మొదలైన తేదీ ఒక గడిలో ఉంటే, పక్కన ఈడేట్ ఫంక్షన్‌తో 12 నెలలు కలిపితే గడువు తేదీ వస్తుంది. దాని మీద కండిషనల్ ఫార్మాటింగ్ పెట్టి, నెల లోపు ఉన్నవి ఎర్రగా మెరిసేలా చేయండి. పొద్దున్నే షీట్ తెరిచి ఎర్రవాటికి ఫోన్ చేయడమే ఆ అమ్మాయి మొదటి పని. కాల్క్‌లోనూ ఇవన్నీ ఉన్నాయి, కాకపోతే ఫోన్‌లో అంత సుఖం ఉండదు.

పాత_మౌస్ · బుధవారం ఉదయం 10:40

షీట్స్ మాట మంచిదే. ఒక్క షరతు. ఆ షీట్ ఎవరి జీమెయిల్‌లో పుడితే వాళ్లదే. నాకు తెలిసిన ఒక ఆఫీసులో కస్టమర్ల లిస్టంతా ఒక ఉద్యోగి సొంత జీమెయిల్‌లో ఉండేది. ఆయన మానేసిన రోజు షేరింగ్ తీసేశాడు. ఫర్మ్ కోసం ఒక కొత్త అకౌంట్ తెరిచి, దాని ఫోన్ నంబరు, రికవరీ మెయిల్ మీ ఇద్దరు భాగస్వాములవి పెట్టి, షీట్లన్నీ అందులోంచే తయారుచేసి మిగతావాళ్లకు షేర్ చేయండి. టెక్నీషియన్‌కి అవసరమైన కాలమ్స్ మాత్రమే కనిపించే వేరే షీట్ ఇవ్వండి. కస్టమర్ల ఫోన్ నంబర్లు మొత్తం ఎవరి చేతిలోనూ పెట్టకండి, మీ వ్యాపారంలో విలువైంది ఆ లిస్టే. లింకు ఉన్న ఎవరైనా చూడొచ్చు అన్న ఆప్షన్ జోలికి అసలు వెళ్లొద్దు.

నెలకోసారి షీట్లను డౌన్‌లోడ్ చేసి ఒక పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి.

కూకట్‌పల్లి_క్లౌడ్ · బుధవారం ఉదయం 11:02

ఒప్పుకుంటా. మెయిల్ గురించి కూడా చెప్పేస్తా. ఫ్రీ జీమెయిల్‌లో సొంత డొమైన్ పేరు రాదు, దానికి నెలకు డబ్బు కట్టే వర్క్‌స్పేస్ కావాలి. డొమైన్ ఒకటి కొనుక్కుంటే, జోహో మెయిల్‌లో అయిదుగురి దాకా ఫ్రీ ప్లాన్ ఉంది, మనిషికి 5 జీబీ. చెన్నై కంపెనీ, 1996 లో అడ్వెంట్‌నెట్ పేరుతో మొదలైంది. ఫ్రీ ప్లాన్‌లో ఐమ్యాప్, పాప్ ఉండవు, అంటే అవుట్‌లుక్‌లోనో థండర్‌బర్డ్‌లోనో పెట్టుకోలేరు. బ్రౌజర్‌లో, వాళ్ల ఫోన్ యాప్‌లో చూసుకోవాలి. మీకది సరిపోతుంది.

డొమైన్ సెట్ చేసేటప్పుడు మెయిల్ నిజంగా మీ డొమైన్ నుంచే వచ్చిందని చూపే ఎస్‌పీఎఫ్, డీకేఐఎమ్ అని రెండు రికార్డులు కలపమంటుంది. తర్వాత చేద్దాంలే అని వదిలేయకండి. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ ఇవి లేని మెయిళ్లను గట్టిగా వడపోస్తోంది. కొటేషన్ స్పామ్‌లో పడితే మీరు పంపలేదనే అనుకుంటారు.

తెనాలి_ట్రేడర్ · బుధవారం మధ్యాహ్నం 12:30

ఒక చిన్న వ్యాపారానికి లిబ్రెఆఫీస్, ఓన్లీఆఫీస్, షీట్స్, జోహో, మళ్లీ ఒక ఎక్సెల్! అయిదు వేస్తే ఆ అమ్మాయి వారంలో మానేస్తుంది. ఒక్కటి చాలదా?

లెడ్జర్_లక్ష్మి · బుధవారం మధ్యాహ్నం 12:51

ఆ అమ్మాయికి రోజూ కావాల్సినవి రెండే: బిల్లింగ్ ఒకటి, ఏఎంసీ షీట్ ఒకటి. రెండూ బ్రౌజర్ ట్యాబ్‌లు. లెటరు, కొటేషన్ రాయాల్సినప్పుడు రైటర్ తెరుస్తుంది. మిగతావి ఓనర్ల తలనొప్పి. కొటేషన్ కూడా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లోనే చేస్తే, ఒప్పుకున్నాక అదే బిల్లుగా మారిపోతుంది, రైటర్‌తో పని ఇంకా తగ్గుతుంది.

ఓరుగల్లు_నీళ్లు · గురువారం రాత్రి 10:15

అందరికీ పేరుపేరునా థాంక్స్. మేమిద్దరం కూర్చుని తేల్చుకున్నది ఇది. కొటేషన్లు, బిల్లులు జోహో బుక్స్ ఫ్రీ ప్లాన్‌లో. ఏఎంసీ లిస్టు షీట్స్‌లో, ఫర్మ్ అకౌంటు మీద. రెండు లాప్‌టాప్‌లకు మింట్. మూడోది మా బావమరిది మారుస్తానన్నాడు, విండోస్ 11 ఎక్కే సెకండ్ హ్యాండ్ చూస్తున్నాం, విండోస్ లైసెన్స్ ఉన్నదే తీసుకుంటాం. మూడింటిలోనూ లిబ్రెఆఫీస్. హాస్టళ్ల ఫైలు ఓన్లీఆఫీస్‌లో తెరిచి చూశా, గీతలు కూడా కదల్లేదు. ఎక్సెల్ కొనడం మొదటి టెండరు దాకా వాయిదా.

మూడు వందలు మిగిలాయని మా బావమరిది బిర్యానీ తెప్పించాడు.

ఒక అనుమానం. మూడోది మార్చేదాకా అది వాడాలి కదా. అందులో ఆ షాపాయన వేసిన ఆఫీస్ అన్‌ఇన్‌స్టాల్ చేస్తే సరిపోతుందా?

పాత_మౌస్ · గురువారం రాత్రి 10:32

సరిపోదు. అలా వేసేవాళ్లు చాలాసార్లు విండోస్ డిఫెండర్‌లో కొన్ని ఫోల్డర్లను చూడొద్దని మినహాయింపు పెట్టిపోతారు. ఆఫీస్ తీసేసినా ఆ మినహాయింపు అలాగే ఉంటుంది. ఫైళ్లు బయటికి తీసుకుని, మైక్రోసాఫ్ట్ సైటు నుంచి విండోస్ దించుకుని శుభ్రంగా ఫార్మాట్ చేయండి. ఆ తర్వాతే బ్యాంకు, జీఎస్టీ లాగిన్‌లు. ఇప్పటిదాకా ఆ లాప్‌టాప్‌లో కొట్టిన పాస్‌వర్డులన్నీ మార్చండి, మార్చడం మాత్రం మీ ఫోన్‌లోంచి.

ఓరుగల్లు_నీళ్లు · ఆదివారం సాయంత్రం 5:44

ఫార్మాట్ అయింది, మింట్ కూడా ఎక్కింది. ప్రింటర్ దానంతట అదే దొరికింది తెనాలి అన్నా 😄

చిన్న ప్రశ్న. కాల్క్‌లో పన్నెండున్నర లక్షలు 1,250,000 అని చూపిస్తోంది. 12,50,000 అని రావాలంటే?

అక్షరం_డీటీపీ · ఆదివారం సాయంత్రం 6:03

గడులు ఎంచుకుని ఫార్మాట్ సెల్స్ తెరవండి. కింద ఫార్మాట్ కోడ్ గడిలో #,##,##0 అని కొట్టండి. పైసలు కూడా కావాలంటే #,##,##0.00. షీట్స్‌లో అయితే ఫైల్, సెట్టింగ్స్‌లో లొకేల్ ఇండియా పెట్టండి.

ఓరుగల్లు_నీళ్లు · ఆదివారం సాయంత్రం 6:10

వచ్చింది అన్నా. రెండింట్లోనూ.